సండ సినిమాల మహారాణి

సినిమాలో లాజిక్ లేదని పెదవి విరిచేవాణ్ణి చూస్తే నాకిప్పుడు ఒళ్ళు మండుతుంది. కొండను ఒంటిచేత్తో ఎత్తడమేమిటి, గుర్రం మబ్బుల మీద పరిగెత్తడమేమిటి, ఒక్కడు నలభై మందిని మట్టి కరిపించడమేమిటి అని ఇంటర్వెల్లో కాఫీ కప్పు పట్టుకుని నవ్వేవాడు కనిపిస్తే, ఆ కప్పు లాక్కుని వాడి కాళ్ళ దగ్గరే ఒలకబోయాలనిపిస్తుంది. పదిహేనేళ్ళపాటు ఆ నవ్వు నేనూ నవ్వాను. అందుకే మంట ఇంకా ఎక్కువ.

ఆమె పోయి నెల కావస్తోంది. పేరు రాయను. రాసే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇదంతా.

హొసూరు పక్కన మత్తిగిరిలో పశువుల ఫారం దాటాక వాళ్ళ ఇల్లు. కింద ఆమె, కొడుకు, కోడలు. పై వాటాలో నేను అద్దెకుండేవాణ్ణి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి తమిళ గడ్డ మీద హొసూరులో ఒక ఫ్యాక్టరీలో, క్వాలిటీ సెక్షన్లో చేరినవాణ్ణి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎదుటివాడు చేసినదాంట్లో తప్పు పట్టడమే నా ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆ పనే చేసేవాణ్ణి, జీతం లేకుండా, సినిమాల మీద. మాలాంటి ఫ్యాక్టరీ తెలుగువాళ్ళం ఒక ఎనభై మందిమి ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం. మంచి సినిమా అంటే ఏమిటో లోకానికి చెప్పాల్సిన బాధ్యత మా నెత్తిన ఉందని మా నమ్మకం. ఆ గ్రూపులో నా మాటకు కాస్త విలువుండేది. ఆ విలువను తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆమె వాళ్ళది తాతల నాటి నుంచి అక్కడే సేద్యం చేసుకుంటున్న కుటుంబం. ఇంటికి మైలు దూరంలో చేను. రాగి, అనప, ఒక చెక్కలో టమాటా. అరవై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. వారమంతా చేనులో ఉండేది. ఆదివారం మాత్రం మధ్యాహ్నం భోజనాలయ్యాక మెట్ల కింద నిలబడి అరిచేది.

"ఏమప్పా, సుమ్నే కూర్చోనుండావే పైన? సండ సినిమా వచ్చిండాది. పోదాం రా!"

సుమ్నే అంటే ఊరికే. సండ అంటే పోట్లాట. తమిళం నుంచి వాళ్ళ తెలుగులోకి వచ్చి కూర్చున్న మాట. ఆమె లెక్కలో లోకంలో సినిమాలు రెండే రకాలు. సండ ఉన్నవి, లేనివి. లేనివాటి గురించి ఆమెకు ఏ కోపమూ లేదు, వాటికి పోయేది కాదు అంతే. కానీ సండ అంటే మామూలు వీధి కొట్లాట కాదు. కత్తి ఉండాలి, ఆ కత్తిలో మెరుపు పుట్టాలి. మంత్రగాడు ఉండాలి. మాట్లాడే డేగో, మనిషిని మింగే చెట్టో ఏదో ఒకటి ఉండాలి. కొడితే మనిషి కింద పడకూడదు, ముందు గాల్లోకి లేవాలి.

మొదటిసారి పిలిచినప్పుడు, తప్పించుకోవడానికే, కథ ఏమిటని అడిగాను.

"కతా? ఒకడు మంచోడు ఉండాడు. ఒకడు చెడ్డోడు ఉండాడు. నడుమ ఒక పాము ఉండాది. ఇంకేం కావల్లప్పా నీకు?"

కొడుకు ఆమెను సినిమాకు తీసుకెళ్ళేవాడు కాదు. అమ్మంటే ప్రేమ లేక కాదు. హాల్లో ఆమె పక్కన కూర్చోవడం అతని వల్ల అయ్యేది కాదు. "నువ్వు పోన్నా, నీకు పుణ్యముంటాది" అని నాకు బండి తాళాలు ఇచ్చేవాడు. అలా మొదలైంది. రెండేళ్ళలో ఆమెను వెనక కూర్చోబెట్టుకుని ఎన్ని సినిమాలకు పోయానో లెక్క లేదు.

ఆమె ముందు నుంచి రెండో వరసలోనే కూర్చునేది. మెడ నొప్పి పుడుతుంది, వెనక్కి పోదామమ్మా అంటే ఒప్పుకునేది కాదు. "ఎనక కూర్చుంటే కత్తి చిన్నదైపోతాది" అనేది. అనపకాయల కాలంలో అయితే ఒక గుడ్డసంచి నిండా కాయలు తెచ్చుకునేది. దీపాలు ఆరగానే ఒళ్ళో చెంగు పరుచుకుని వలవడం మొదలు. గింజలు ఒక సంచిలోకి, పొట్టు ఇంకో సంచిలోకి. పొట్టు ఒక్కటి కింద పడనిచ్చేది కాదు, అది ఇంట్లో ఆవులకు. సండ జోరందుకునేకొద్దీ ఆమె వేళ్ళ జోరూ పెరిగేది. బయటికొచ్చాక గింజల సంచి చేత్తో ఎత్తి చూసి తీర్పు చెప్పేది. "రెండు సేర్లు పైనే ఉండాది. మంచి సినిమా." ఒకసారి ఒక పెద్ద సినిమా చూసి బయటికొచ్చి, సంచి నా చేతిలో పెట్టి, "అరసేరు కూడా లేదు చూడు" అని మొహం చిట్లించింది. ఆ సినిమా గురించి మా గ్రూపులో వారం రోజులు వాదించుకున్నాం. ఆమె చెప్పినంత కచ్చితంగా ఒక్కడూ చెప్పలేకపోయాడు.

పాట వస్తే లేచి బయటికి పోయి వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చునేది. సండ వస్తే మాత్రం ఆమెను పట్టడం కష్టం. "రేయ్, ఎనక చూడ్రా! ఎనక వస్తా ఉండాడు!" అని హీరోను హెచ్చరించేది. మంత్రగాడు మాయమైతే "యాడికి పోతావురా, రేపు రావా ఏం" అని గాలికి వేలు చూపించేది. హాలంతా నవ్వేది. మొదట్లో నేను సీట్లోకి కుంగిపోయేవాణ్ణి. ఆమె ఎవరినీ పట్టించుకునేది కాదు. నవ్వేవాళ్ళను చూసి, సినిమా వాళ్ళకూ నచ్చిందనుకునేది.

ఒకసారి పోస్టర్ మీద ఏడు తలల పాము వేశారు. సినిమా అయ్యాక ఆమె ఇంటికి రానంది. తిన్నగా మేనేజర్ గదికి పోయింది.

"ఏడు తలకాయలని ఏసినారు. నేను ఎంచినాను, ఐదే ఉండాయి. తక్కిన రెండూ యాడ?"

మేనేజర్ తమిళుడు. ఆమె తమిళంలోనే గట్టిగా అడిగింది. ఆయన నవ్వి, అది కంప్యూటర్లో చేసిన బొమ్మమ్మా, నిజం పాము కాదు అన్నాడు.

"కంప్యూటర్లో చేసింది అయితే ఇంకా సులువు కదప్పా! రెండు తలకాయలు ఏసేదానికి ఏం రోగం?"

నేను ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. ఆ పూటే గ్రూపులో ఈ కథ రాసి ఎనభై మందిని నవ్వించాను. ఒక్కడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు, ఆమె అడిగింది న్యాయమని. మేము సినిమాలో తప్పులు పట్టేవాళ్ళం, పాముకు ఏడు తలలు ఎలా ఉంటాయని. ఆమె పట్టిన తప్పు వేరు. ఏడు ఇస్తానన్నవాడు ఐదే ఎందుకిచ్చాడని. ఇరవై రకాల కొలత గేజీలు పెట్టుకుని కూర్చునే నాకు ఆ తేడా ఆరోజు తెలియలేదు.

నాకు తెలిసింది కృష్ణగిరిలో. తెలిశాక కూడా నేను చేసింది చేశాను, అది వేరే సంగతి.

వాళ్ళ చేను పక్క నుంచి ఒక వంక పారేది. పైన కొత్తగా ఇళ్ళ ప్లాట్లు వేసినవాళ్ళు ఆ వంకకు అడ్డంగా గోడ కట్టేశారు. వానాకాలంలో నీళ్ళన్నీ మళ్ళి ఆమె టమాటా మడిలో నిలబడుతున్నాయి. ఆమె అర్జీలు పెట్టింది. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు పంపింది. అది మళ్ళీ మొదటి ఆఫీసుకే పంపింది. చివరికి కృష్ణగిరి పొమ్మన్నారు. కొడుకు కూలీలతో చేనులో ఉన్నాడని నన్ను తోడు రమ్మంది. నేను సెలవు పెట్టి పోయాను.

అక్కడ బల్ల వెనక ఒకాయన కూర్చుని ఉన్నాడు. కాగితం పైనుంచి కిందికి చూసి, వంక మ్యాపులో లేదన్నాడు.

"మ్యాపులో లేకుంటే పోనీప్పా. నీళ్ళలో ఉండాది. వచ్చి చూడు" అంది ఆమె, తమిళంలో.

మ్యాపులో లేనిది లేనట్టే లెక్కమ్మా అన్నాడాయన. అరవకుండా, చాలా మర్యాదగా, కుర్చీ కూడా చూపించాడు. ఆ మర్యాదకే నాకు ఇప్పటికీ రక్తం ఉడుకుతుంది. ఆమె తన చిన్నప్పుడు ఆ వంకలో స్నానం చేసినట్టు చెప్పింది. పెళ్ళై వచ్చినప్పుడు బండి దాంట్లో దిగబడినట్టు చెప్పింది. ఆయన తలూపుతూ విని, ఇవన్నీ రికార్డులో ఉండవమ్మా అన్నాడు. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. బయటికొచ్చి, చెట్టు కింద చాలాసేపు నిలబడింది. ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. ఆమె మొహం తుడుచుకుని, "ఈడ సండ సినిమా యాడ ఆడతా ఉండాది, అడుగప్పా" అంది.

బస్టాండు దగ్గరలో ఆడుతోంది. హొసూరులో మేము తెలుగులో చూసేసిన సినిమానే, ఇక్కడ తమిళంలో. చూసిందే కదమ్మా, అదీ తమిళంలో అన్నాను.

"కత్తికి ఏం బాసప్పా?" అని టికెట్ల వైపు నడిచింది.

ఆ సినిమాలో చివర హీరో ఇసుకలో కత్తి గుచ్చి కేక వేస్తాడు. సముద్రం గోడలా లేచి నిలబడుతుంది. దాని కింద నుంచి వాడు గుర్రం మీద పోయి మంత్రగాణ్ణి ఎగరగొడతాడు. ఆ మంత్రగాడు మూడు కోట గోడలు బద్దలు కొట్టుకుంటూ పోయి పడతాడు. ఆ రోజు ఆమె దగ్గర అనపకాయలు లేవు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒక్క అరుపు లేకుండా చూసింది. వాడు పడినప్పుడు మాత్రం "పడినాడు" అంది, తనలో తాను.

తిరుగు బస్సులో, మాట కలుపుదామని, ఊరుకోలేక అన్నాను. ఎంత అబద్ధమమ్మా, సముద్రం అట్లా లేస్తుందా అని.

ఆమె కిటికీ వైపు నుంచి నా వైపుకు తిరిగింది. అంత కోపం ఆమె మొహంలో ఎప్పుడూ చూడలేదు.

"సుళ్లేనప్పా. నాకు తెలీదా?" అంది. సుళ్లు అంటే అబద్ధం, అది కన్నడం నుంచి వచ్చిన మాట. "వాడు సముద్రం లేస్తాదని సుళ్లు చెప్పినాడు. అది సుళ్లని వానికీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరికీ సంతోసం. ఆడ బల్లెనక కూర్చోనుండాడే, వాడు వంక లేదంటాడు. అది సుళ్లని వానికి తెలుసు. నన్ను మాత్రం నిజమని నమ్మమంటాడు. యాది పెద్ద సుళ్లు, నువ్వే చెప్పు. చదువుకున్నోడివి కదా."

మళ్ళీ కిటికీ వైపు తిరిగి తనే అంది.

"ఎన్నిసార్లు తిరిగినాను, ఎంత అరిచినాను, ఒక్క కాయితం కదల్లేదు. సినిమాలో కొడితే ఒకడన్నా పడతాడు కదప్పా. చూసేదానికి కండ్లకు సల్లగుంటాది."

ఆ గోడ ఇప్పటికీ ఉంది. వంక ఇప్పటికీ మ్యాపులో లేదు. ఆ సినిమాలన్నీ మనుషుల్ని మొద్దుల్ని చేస్తాయని చెప్పే పెద్దమనుషులు ఒక్కసారి ఆ బల్ల ముందు నిలబడి రావాలి. తర్వాత మాట్లాడుకుందాం.

ఇంత విన్నాను కదా. విని, అర్థం చేసుకుని, బస్సు దిగాను కదా. ఆ తర్వాత నాలుగు నెలలకు నేనేం చేశానో చెప్తాను.

జనవరిలో ఒక పొద్దున ఆవుల కొట్టం ముందు ఆమె కర్ర పట్టుకుని నాకు సండ చూపిస్తోంది. ముందురోజు చూసిన సినిమాలోది, డేగ వీపు మీద నిలబడి హీరో చేసే కత్తియుద్ధం. గడ్డిమోపు ఎక్కి నిలబడి, చీర నడుముకు బిగించి, కర్ర తిప్పుతూ, హీరో మాటా తనే, మంత్రగాడి మాటా తనే. గిత్త బెదిరి తాడు తెంపుకోబోయింది. "ఫోన్లో తీయప్పా, మా చెల్లెలికి చూపించాల. అది మత్తూరులో పడుండాది, ఒక సినిమాకీ పోదు" అంది. తీశాను. బాగా వచ్చింది. నిజంగా బాగా వచ్చింది, మోకాళ్ళ నొప్పులున్న ఆ వయసులో ఆ కాళ్ళ పట్టు, ఆ కళ్ళు.

చెల్లెలికి పంపించాను. ఆ చేత్తోనే మా గ్రూపులోనూ పెట్టాను. ఉత్తగా పెడితే నా విలువేం కాను? వీడియో మీద పెద్ద అక్షరాలతో ఒక వాక్యం రాసి మరీ పెట్టాను.

బుర్ర ఇంట్లో పెట్టి సినిమాకి పోయే జాతికి మహారాణి.

అది మా గ్రూపులో ఆగలేదు. ఫ్యాక్టరీలన్నీ తిరిగింది. ఎవరో ముందుకు పంపారు, వాళ్ళ నుంచి ఇంకెవరో. మూడు రోజుల్లో హొసూరులో తెలుగు చదివే ప్రతివాడి ఫోనులోనూ ఆమె కర్ర తిప్పుతోంది. అందరూ నా వాక్యాన్ని మెచ్చుకున్నారు. నేను మురిసిపోయాను. ఈ మాట దాచను.

ఆమె కూడా మురిసిపోయింది. ఎందుకో చెప్పాలి. అక్కడి పాత కుటుంబాలవాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, పెళ్ళిపాటలు తెలుగులోనే పాడతారు, కానీ బడి తమిళం. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. ఆమె చదివింది తమిళంలో ఐదో తరగతి. కొడుకు చదివింది తమిళంలో పన్నెండు. పాలు పోసే చోట ఎవరో "ఫోన్లో వచ్చినావు కదమ్మా" అన్నారట. ఆ సాయంత్రం కొడుకు ఫోను పట్టుకుని, మోకాళ్ళ నొప్పితో ఒక్కో మెట్టూ ఎక్కి పైకొచ్చింది.

"మన తెలుగు అక్చరాలంట కదప్పా ఇవి? నువ్వే రాసినావంట. ఏం రాసినావు, చదువు."

ఆమె మొహంలో అంత వెలుగుంటే ఏం చెప్పను? చదివాను. "సినిమాకి పోయే జాతికి మహారాణి" అని చదివాను.

"మహారాణా!" అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నన్ను ఇంకోసారి చదవమంది. చదివాను. అప్పుడు ఫోను దగ్గరగా పెట్టుకుని, ఒక్కో మాట మీద వేలు ఆనించి ఎంచడం మొదలుపెట్టింది. పాము తలలు ఎంచినట్టే.

"ఏడు ముక్కలుండాయి కదప్పా. నువ్వు నాలుగే చదివినావు."

మొదటి మూడూ ఫోను తనంతట తనే వేసుకునే మాటలమ్మా, తేదీ లాంటివి అన్నాను. ఆమె నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. "సరేప్పా" అని, ఫోను చెంగులో చుట్టుకుని దిగిపోయింది.

తెలిసిందా ఆమెకు? తెలియదా? ఇన్నాళ్ళూ దాని గురించే నాతో నేను కొట్లాడుతున్నాను. ఆ తర్వాతి ఆదివారం నుంచి టికెట్ల దగ్గర చెయ్యి లోపలికి పెట్టి, "మహారాణికి ఒకటి ఇయ్యప్పా" అనడం మొదలుపెట్టింది. సంతోషంతో అనేదో, పక్కనే నిలబడ్డ నన్ను వినమని అనేదో నాకు తెలియదు. సుళ్లు చెప్పి ఎదుటివాణ్ణి నిజమని నమ్మమనే జాతిలో ఆ బల్ల వెనక కూర్చున్నాయన ఒక్కడే లేడని మాత్రం తెలుసు. ఆయన మ్యాపు చూపించాడు, నేను ఫోను చూపించాను. నిజం చెప్పడానికి ఎన్ని ఆదివారాలు దొరికాయి నాకు? బండి మీద, వరండాలో, మెట్ల దగ్గర. ఒక్కసారీ చెప్పలేదు.

తర్వాత గురుబరపల్లి దగ్గర మా కంపెనీ కొత్త యూనిట్ పెట్టింది. నేను అక్కడికి మారిపోయాను. మారగలిగినందుకు లోపల్లోపల హాయిగా అనిపించింది. ఆమె రెండుమూడు సార్లు ఫోన్ చేయించింది, సండ సినిమా వచ్చిందని. పని ఉందమ్మా అన్నాను.

కిందటి నెల సెలవు మీద మా ఊళ్ళో ఉన్నప్పుడు ఆమె కొడుకు ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు. మర్నాడు చేద్దాంలే అనుకున్నాను, చేయలేదు. వారం తర్వాత మా గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. ఎవడో ఫ్యాక్టరీ బస్సు కిటికీలోంచి తీసినది.

హొసూరు వైపు మనిషి పోతే రోడ్డు మలుపులో ఫ్లెక్సు కడతారు. పోయినవాళ్ళ బొమ్మ, కన్నీటి నివాళి, తేదీలు, బంధువుల పేర్లు. ఫోటోలో ఆమె ఫ్లెక్సు. గడ్డిమోపు మీద కర్ర పట్టుకుని నిలబడ్డ బొమ్మ, దానికి కంప్యూటర్లో వేసిన పూలదండ. పైనా కిందా తమిళం. నడుమ, మూరెడు అక్షరాలతో, తెలుగులో ఒక్కటే వాక్యం. నాది. ఏడు ముక్కలూ ఉన్నాయి.

ఫోటో కింద నవ్వు బొమ్మలు వరసగా ఉన్నాయి. "గురూ, నీ డైలాగు చిరస్థాయిగా నిలిచిపోయింది" అని ఒకడు. ఒక ఆడమనిషి చచ్చిపోయిందని కూడా వాడికి కనబడలేదు. ఆ గ్రూపులో నేను ఆఖరుగా రాసిన మాట ఇక్కడ రాయలేను, అచ్చుకు తగింది కాదు. రాసి బయటికి వచ్చేశాను. కానీ వాళ్ళను తిట్టి ఏం లాభం? వాళ్ళు నవ్వింది నా మాటకే.

ఇంకొకటి. ఆ మలుపులో పొద్దునా సాయంత్రం ఫ్యాక్టరీ బస్సులు ఆగుతాయి. అందులో సగం మంది తెలుగు చదివేవాళ్ళే. అన్ని రోజులు చదివారు. ఒక్కడు దిగి, బాబూ, ఇందులో ఇలా ఉంది, తీసేయండి అని చెప్పలేదు.

పదకొండో రోజు కార్యానికి పోయాను. ఇంటి ముందు పందిరి, ముప్ఫై నలభై మంది బంధువులు. రోడ్డు మీది ఫ్లెక్సు తెచ్చి పందిరి గుంజలకు కట్టారు. కొడుకు నన్ను చూడగానే వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"వచ్చినావాన్నా. అమ్మ తెలుగు మనిషి కదా, తెలుగులో ఒక మాట ఉండాలనుకున్నాము. మాకు రాయను రాదు, చదవను రాదు. నువ్వు అమ్మను గురించి రాసింది ఫోన్లో ఉండె కదా, దాన్నే ఫ్లెక్సు వానికి ఇచ్చేసినాము. మా వాళ్ళు అందరూ ఏం రాసిండాదని అడగతా ఉండారు. నువ్వే చదివి చెప్పన్నా."

అందరూ నా వైపు తిరిగారు. మత్తూరు నుంచి వచ్చిన ఆమె చెల్లెలు ముందు వరసలో కూర్చుని ఉంది. అక్క పోలికే, అవే కళ్ళు. నేను ఫ్లెక్సు ముందు నిలబడ్డాను. నాలుగు ముక్కలు చదివి బయటపడిపోవచ్చు, ఒకసారి చేసిన పనే. ఈసారి ఎంచేవాళ్ళు కూడా లేరు. ఏడూ చదివాను. వెనకవాళ్ళు వినబడలేదంటే, మళ్ళీ గట్టిగా చదివాను.

చెల్లెలు తలూపింది.

"అవును కదప్పా! సేనికి పోతే అక్క నీళ్ళ బుర్ర ఎత్తుకొనే పోతుండె, సొరబుర్ర. అది లేకుంటే గడప దాటదు. సినిమాకి పోయే దినం మాత్రం బుర్ర ఇంట్లో పెట్టేసి పోతుండె. ఎంత బాగ రాసినాడు, కండ్లకు కట్టినట్ల!"

చుట్టూ ఉన్నవాళ్ళు "అవును, అవును" అన్నారు. ఒకామె కళ్ళు తుడుచుకుంది. కొడుకు నా భుజం మీద చెయ్యేశాడు.

వాళ్ళకు బుర్ర అంటే ఎండిన సొరకాయ. అంతే. నేను రాసిన తిట్టు ఆ పందిట్లో తిట్టే కాదు. ఆ రోజు మెట్ల మీద నేను మూడు మాటలు మింగకుండా చదివి ఉన్నా, ఆమె కూడా తన సొరబుర్రే అనుకుని నవ్వేదేమో. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే చాలు. ఎవరికీ బాధ లేదు, వాళ్ళే నా తప్పు కడిగేశారు. నిలబడి, ఆ చెల్లెలి మొహం చూస్తూ, మూసుకుందామనే అనుకున్నాను.

"కాదమ్మా" అన్నాను. "మా వైపు బుర్ర అంటే సొరకాయ కాదు. తలకాయ. తెలివి. తెలివి ఇంట్లో పారేసి సినిమాకి పోయేవాళ్ళకు ఈమె రాణి అని రాశాను. ఎగతాళికి రాశాను. ఆమె అడిగినప్పుడు మొదటి మూడు మాటలు దాచిపెట్టి చదివాను."

కొడుకు నా భుజం మీది చెయ్యి తీసేశాడు. పోయి గుంజకు కట్టిన తాళ్ళు ఒక్కొక్కటీ విప్పాడు. ఆత్రం లేకుండా, ముడి ముడికీ ఆగి. ఫ్లెక్సు కిందికి దించి, అమ్మ మొహం మీద మడత పడకుండా చూసి చుట్టాడు. తెచ్చి నా చేతుల్లో పెట్టాడు.

"ఇది నీదన్నా. ఎత్తుకొనిపో."

నేను చెప్పులేసుకోబోయాను. వెనక నుంచి చెల్లెలి గొంతు వినిపించింది, నాతో కాదు, కొడుకుతో. "కార్యానికి వచ్చినోన్ని తినకుండా పంపకూడదు. ఆకు ఏయమను."

కూర్చున్నాను. ఆ ఫ్లెక్సు చుట్ట పక్కన పెట్టుకుని తిన్నాను. ఆ పందిట్లో నాతో ఒక్కరూ మాట్లాడలేదు. అన్నం మాత్రం రెండోసారి కూడా అడక్కుండానే వడ్డించారు.